పరీక్ష సరే... మందో?

*ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్ చూస్తామంటూ ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరుగుతున్నారు. లక్షల పేర్లు ట్యాబుల్లోకి ఎక్కుతున్నాయి. జబ్బు బయటపడ్డాక ఆ మనిషి ఏమవుతున్నాడు? ఉద్దానం నుంచి గోదావరి పల్లెల దాకా వెతికితే దొరికిన జవాబులివి.*

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఓ ఊరు. పొద్దున్న తొమ్మిదిన్నర. రామమందిరం పక్కన వేపచెట్టు నీడన 104 బండి ఆగింది. మడత బల్ల మీద బీపీ మిషను, గ్లూకోమీటరు, దూది, స్పిరిటు సీసా. అరుగు మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు, ఇద్దరు ముసలాళ్లు. ఆశ కార్యకర్త ఒక్కో పేరూ పిలుస్తోంది. అరవై దాటిన ఓ పెద్దావిడ నోట్లో చుట్ట తీసి ఆర్పి, చెంగున ముడేసుకుని వచ్చి కూచుంది.

‘‘చెయ్యి చాపు అత్తా.’’

‘‘నాకేటైందే కోడలా? నిన్న కూడా జీడితోటకెల్లి పన్జేసొచ్చినాను.’’

మిషను బుస్సుమంది. పట్టీ బిగిసింది, వదిలింది. అంకెలు ఆగేసరికి పైది 184, కిందిది 106. కాసేపు కూచోబెట్టి మళ్లీ చూశారు. పెద్దగా తగ్గలేదు.

‘‘రోజూ మాత్ర వేసుకోవాలత్తా.’’

‘‘ఎన్నాల్లు?’’

‘‘ఎన్నాళ్లని కాదు, ఎప్పుడూ.’’

పెద్దావిడకు నవ్వొచ్చింది. ‘‘జెరమొచ్చినోల్లకే మూడు రోజులకిత్తారు మందు. నొప్పి నేదు, జెరం నేదు, ఎప్పుడూ మింగడమేటే?’’

ఉత్తరాంధ్రలో 104 ఆగిన ఏ ఊళ్లో నిలబడి విన్నా కాస్త అటూఇటుగా ఇవే మాటలు. ఒంట్లో ఏ బాధా లేని మనిషిని పిలిచి, నీకు జబ్బుందని చెప్పి, బతికినంత కాలం మందు మింగమంటే ఎలా నమ్మాలి? ఆ అడిగే మనిషి రోజుకూలీ అయితే, ఆస్పత్రికి వెళ్లడమంటే ఒక పూట కూలి పోగొట్టుకోవడమే. 2025 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 దాకా దేశమంతటా ముప్పై దాటినవారికి బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్ల పరీక్షలు చేయాలని కేంద్రం ప్రత్యేక కార్యక్రమం నడిపింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. ఎన్ని లక్షల మందిని చూశామన్న లెక్క ప్రతి సమీక్షలోనూ వినిపిస్తుంది. ఆ పెద్దావిడ అడిగిన ‘ఎన్నాళ్లు’కు జవాబు మాత్రం ఆ లెక్కల్లో దొరకదు.

గోదావరి పల్లెలు ముందే చెప్పాయి

బీపీ, షుగర్ అంటే ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల రోగాలన్న నమ్మకం మనలో ఇంకా పోలేదు. ఆ నమ్మకం తప్పని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. అదీ మన దగ్గరే.

2003-04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగింది, ఎక్కడ నొప్పి అన్నారు, ఏ చెయ్యి పడిపోయింది అని ఇంట్లోవాళ్లను అడిగి రాసుకునేవారు. ఆ రాతల్ని వైద్యులు చదివి కారణం తేల్చేవారు. దాదాపు 1,80,000 జనాభా మీద వచ్చిన లెక్క అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా 12 శాతం. ఊళ్లో ‘రాత్రి బాగానే పడుకున్నాడు, తెల్లారి లేవలేదు’ అని చెప్పుకునే చావుల వెనక ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది.

దేశం మొత్తం సంగతి 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం బయటపెట్టింది. 10.1 కోట్ల మందికి మధుమేహం. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పెద్దల్లో 35.5 శాతానికి అధిక రక్తపోటు. అంటే ముగ్గురు కూర్చున్న అరుగు మీద ఒకరికి బీపీ ఉన్నట్టే.

పేదవాడికి వచ్చే బీపీకీ డబ్బున్నవాడికి వచ్చే బీపీకీ తేడా లేదు. తేడా అంతా అది ఎప్పుడు బయటపడుతుందన్న దగ్గరే. ఒకరికి ఏడాదికోసారి ఆఫీసు వాళ్లు చేయించే హెల్త్ చెకప్‌లో బయటపడుతుంది. ఇంకొకరికి మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయాక బయటపడుతుంది. రెండోవాడి ఇంట్లో ఆ రోజు నుంచి సంపాదించే చేతులు రెండు తగ్గుతాయి. మంచం మీదున్న మనిషిని చూసుకోవడానికి భార్య పని మానేస్తే నాలుగు.

■ బీపీ, షుగర్ చూపించుకునేటప్పుడు...

• అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, చుట్ట వద్దు.
• నడిచొచ్చిన వెంటనే చూపించుకోవద్దు. అయిదు నిమిషాలు కుదురుగా కూచోవాలి. వీపుకు ఆసరా ఉండాలి. పాదాలు నేల మీద ఆనాలి.
• చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీద కట్టాలి.
• రెండుసార్లు చూడాలి. 140/90, అంతకు మించి వస్తే మరో రోజు కూడా చూసి నిర్ధారించుకోవాలి.
• పరగడుపున షుగర్ 126, అంతకు మించి ఉంటే మధుమేహంగా అనుమానించాలి. ప్రయోగశాల పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

ఫారానికి పది, మనిషికి యాభై

ఈ జబ్బుల కోసం జాతీయ కార్యక్రమం 2010లో 100 జిల్లాలతో మొదలైంది. మొదట్లో ఆస్పత్రికి వచ్చినవాళ్లనే ఎక్కువగా చూసేవారు. ఊళ్లలోకి వెళ్లి ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలన్న పద్ధతి తర్వాత వచ్చింది. 2018 నుంచి ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడంతో అది పల్లె గుమ్మం దాకా చేరింది.

ఆశ కార్యకర్త చేతిలో ఒక ఫారం ఉంటుంది. వయసెంత, పొగాకు తాగుతారా నములుతారా, మందు అలవాటుందా, నడుం చుట్టుకొలత ఎంత, ఒంటికి శ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అన్నవి ప్రశ్నలు. ఒక్కోదానికీ మార్కులు. నాలుగు దాటితే ఆ మనిషిని ముందు పరీక్షకు పంపాలి. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది గానీ ఇది చాలా తెలివైన పని. డాక్టరు లేని చోట డాక్టరు అడగాల్సిన మాటలు అడిగిస్తుంది.

దీని వెనక చిన్న లెక్క ఒకటుంది. జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఈ ఫారం ఒకటి నింపితే ఆశకు 10 రూపాయల ప్రోత్సాహకం. జబ్బు తేలిన మనిషిని ఆరు నెలలపాటు వెంట ఉండి మందు మాన్పించకుండా చూస్తే 50 రూపాయలు. (ఆంధ్రప్రదేశ్‌లో ఆశలకు నెలకు 10 వేల రూపాయలు ఇస్తున్నారు కాబట్టి ఇక్కడ సంగతి కొంత నయం.) ఫారం నింపడానికి పది నిమిషాలు పడుతుంది. ఆరు నెలలు ఒక మనిషి ఇంటి చుట్టూ తిరగడం ఎంత పనో వేరే చెప్పాలా? ఏ పనికి ఎంత విలువ కట్టామో ఆ పని అంతే జరుగుతుంది.

దొరికారు, తర్వాత?

పశ్చిమగోదావరి జిల్లాలో కొన్నేళ్ల కిందట ఒక మంచి ప్రయోగం జరిగింది. 54 గ్రామాలు, 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. ఆశల చేతికి ట్యాబులిచ్చారు. బీపీ కొలిచి వివరాలు కొడితే, ఈ మనిషికి రాబోయే పదేళ్లలో గుండెపోటు ముప్పు ఎంతుందో ట్యాబు చెప్పేస్తుంది. ముప్పు ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి పంపాలి. డాక్టరు ట్యాబులో ఏ మందు ఇవ్వాలో కూడా సూచన కనిపిస్తుంది. 62 వేల మందికి పైగా పరీక్షించారు. ఆశలు ఆ పని ఎంత చక్కగా చేశారంటే, చదువు తక్కువన్న కారణంతో వాళ్లను చిన్నచూపు చూసేవాళ్లు తలదించుకోవాలి.

ఫలితాలు 2019లో వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో ట్యాబులున్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు!

రోగిని కనిపెట్టడం జరిగింది, పంపడం జరిగింది. మందు మొదలుపెట్టడం, చాలకపోతే మోతాదు పెంచడం, ప్రతి నెలా అందించడం దగ్గర బండి ఆగిపోయింది. పరీక్షలకే పండగ చేసేవాళ్లు ఈ అధ్యయనాన్ని ఒకసారి చదివితే బాగుంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2017 నవంబరులో అయిదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ అయిదింటిలో తెలంగాణ ఒకటి. అందులో అద్భుతమైన యంత్రాలేమీ లేవు. ఏ బీపీకి ఏ మాత్రతో మొదలుపెట్టాలి, నెల తర్వాత తగ్గకపోతే ఏం చేయాలి అన్నది ఒక కాగితం మీద తేల్చేశారు. మొదటి మెట్టు ఆమ్లోడిపిన్. జనరిక్‌లో మాత్ర ఖరీదు రూపాయి లోపే. ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వాలి. దూరపు పెద్దాస్పత్రికి తిప్పకుండా ఊరి ఉపకేంద్రంలోనే ఇవ్వాలి. ప్రతి రోగికీ ఒక కార్డు. రానివాళ్లకు ఫోను. అంతే. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి నుంచి పురస్కారం వచ్చింది. తెలంగాణలో అదే ఏడాది బీపీ, షుగర్ మాత్రలను పూటల వారీగా సర్దిన కిట్లు పంచడం మొదలైంది. చదువు రాని ముసలివాళ్లకు పొద్దుటి మాత్ర ఏదో, రాత్రి మాత్ర ఏదో తెలియక తికమకపడే బాధను ఎవరో దగ్గరుండి చూసి ఆలోచించిన పని అది.

ఉద్దానంలో మూత్ర పరీక్ష చాలదు

ముందుగా కనిపెట్టడం ఎంత కష్టమో చెప్పాలంటే ఉద్దానం పేరు ఎత్తక తప్పదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ పచ్చగా కళకళలాడే ఈ మండలాల్లో మూడు దశాబ్దాలకు పైగా మూత్రపిండాలు పాడైపోతున్నాయి. అధ్యయనాల ప్రకారం పెద్దల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బుంది. వారిలో ఎక్కువమందికి షుగర్ లేదు. మూత్రపిండాల జబ్బుకు మామూలుగా చెప్పే కారణాలేవీ లేవు. నీళ్లా, నేలా, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమా, నొప్పి బిళ్లలా, పుట్టుకతో వచ్చిన లక్షణమా? ఇన్నేళ్లయినా ఇదీ కారణమని ఎవరూ తేల్చలేకపోయారు.

మామూలుగా మూత్రపిండాల జబ్బును పట్టుకోవాలంటే మూత్రంలో పుల్ల ముంచి ప్రొటీన్ పోతోందా అని చూస్తారు. చవక, సులువు. ఉద్దానం జబ్బులో చాలామందికి ప్రొటీన్ పోవడం తక్కువగానే ఉంటుంది. పుల్ల రంగు మారదు. ‘ఏమీ లేదు, వెళ్లు’ అంటారు. అందుకే ఇక్కడ రక్తం తీసి క్రియాటినిన్ చూడాల్సిందే. ఆ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకని ఒకసారి చూసి వదిలేయకుండా ఏటా చూడాలి. నిరుటికీ ఇప్పటికీ తేడా గమనించాలి. ఒక్కరోజు క్యాంపు పెట్టి బ్యానరు కట్టుకుని వెళ్లిపోతే ఉద్దానానికి ఒరిగేదేమీ లేదు.

డయాలసిస్ దాకా వచ్చిన మనిషి వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. తోడు ఒకరు ఉండాలి. ఇక ఆ ఇంట్లో ఎవరి పనీ కుదురుగా సాగదు. ప్రభుత్వాలు చేయగలిగింది చేశాయి, ఆలస్యంగానైనా. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా ఆ రోజే మొదలైంది. మంచి నీళ్లు ఇవ్వడానికి కారణం తేలేదాకా ఆగనక్కర్లేదన్నది సరైన ఆలోచన.

ఇక్కడ జనం పరీక్షకు జంకడానికి ఇంకో కారణం ఉంది. జబ్బుందని తేలితే ఆ ఇంటి పిల్లకు సంబంధం కుదరదన్న భయం. క్యాంపుల్లో పేర్లు గట్టిగా పిలవడం, ఫలితం అందరి ముందూ చదవడం మానేస్తే సగం మంది అదనంగా వస్తారని నా అభిప్రాయం. దానికి పైసా ఖర్చు లేదు.

రోజంతా పొలంలో వంగి, సాయంత్రం నడుం పట్టేస్తే పక్క కొట్లో నొప్పి బిళ్ల కొనుక్కోవడం ఉద్దానంలోనే కాదు, అన్నిచోట్లా ఉన్నదే. మూత్రపిండం ఇప్పటికే నీరసించిన మనిషికి రోజూ మింగే ఆ బిళ్ల హాని చేస్తుంది. తెలిసిన హానినైనా ఆపాలంటే ముందు ఆ బిళ్లలు అడిగినవాళ్లకల్లా ఇచ్చేయడం ఆగాలి.

■ ఏజెన్సీలో ఎరుపు కణం

సికిల్‌సెల్ వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో దీని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ల లోపున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బును తుదముట్టించాలని లక్ష్యం. మన రెండు రాష్ట్రాలూ జాబితాలో ఉన్నాయి. వధూవరులిద్దరికీ ఈ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

నిప్పు లోపలికి పెట్టి...

మొదట్లో చుట్ట ముడేసుకున్న పెద్దావిడను చూశాం కదా. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్ట తాగే తీరు వేరు. అంటించిన కొసను నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసేస్తారు. దాన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు పనిలో ఉన్నా పొగ ఆగదు. అత్త నుంచి కోడలికి అబ్బిన అలవాటు. నోటి పైకప్పు ఆ సెగకు పాలిపోయి, తెల్లటి మచ్చ కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు పొడుచుకొస్తాయి. ఆ దశలో నొప్పి ఉండదు. మానితే చాలావరకు తగ్గుతుంది. మానకపోతే కొందరికి అది అంగిలి క్యాన్సర్ అవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి కావాల్సింది ఒక టార్చిలైటు, ‘నోరు తెరు అమ్మా’ అని అడిగే ఓపిక. నివారించవచ్చని రుజువు కూడా ఈ జిల్లా నుంచే వచ్చింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి ఇంటికెళ్లి నచ్చచెప్పి, నోరు పరీక్షించారు. అలవాటూ తగ్గింది, నోట్లో మచ్చలూ తగ్గాయి. ఈ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. ఇప్పటికి నాలుగు దశాబ్దాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశంలో ఒక్కసారైనా నోటి పరీక్ష చేయించుకున్న మహిళలు 0.9 శాతం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం.

ఆ రెండో పరీక్షకూ పెద్ద సరంజామా అక్కర్లేదు. వెనిగర్ లాంటి పలచని ద్రావణం పూసి, తెల్లబడిన చోటుందేమో చూడడమే. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలతో రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయిస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు లక్షన్నర మంది మహిళల మీద చేసిన అధ్యయనంలో తేల్చారు. చేసేవాళ్లు ఆడవాళ్లయి ఉండాలి, చాటుగా ఒక గది ఉండాలి. మన ఉపకేంద్రాల్లో తలుపు గడియ పడే గది ఎన్నింట ఉందో అధికారులు ఒకసారి లెక్క తీస్తే మంచిది.

పగలు ఇంట్లో ఎవరుంటారు?

104 బండి పొద్దున్న తొమ్మిదిన్నర, పదింటికి వస్తుంది. ఆ వేళకు పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు ఫ్యాక్టరీలో ఉంటారు. మగవాళ్లు తోటల్లోనో, సముద్రం మీదో ఉంటారు. పరీక్షకు దొరికేది ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. అసలు పట్టుకోవాల్సిన నలభయ్యేళ్ల మగవాడు జాబితాలో ‘ఇంట్లో లేరు’ అన్న గడిలో మిగిలిపోతాడు. సాయంత్రం ఆరు తర్వాత, లేదా జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గరే, చేపల రేవులోనే బల్ల వేస్తే తప్ప ఆ గడి ఖాళీ కాదు.

వలస సంగతి మరీ కష్టం. శ్రీకాకుళం మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పనికి వెళ్తారు. అక్కడ పడవెక్కితే రోజుల తరబడి నీటి మీదే. మందులేమో ఊళ్లో ఆశ దగ్గర, మనిషేమో అరేబియా సముద్రంలో. వెళ్లేముందు మూడు నెలల మాత్రలు ఒకేసారి కట్టివ్వమంటే నిబంధన ఒప్పుకోదంటారు. సముద్రంలో ఉన్నవాడి బీపీకి ఆ నిబంధన తెలియదు కదా! హైదరాబాద్‌లో మేస్త్రీ పనికెళ్లిన వాళ్లకు 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు కొంత ఆసరా. అక్కడా చిక్కు ఒకటే. పని వదులుకుని వెళ్లాలి.

ఉప్పు మాట

నివారణ గురించి చెప్పమంటే అందరూ నడవమంటారు. రోజంతా మడిలో నడిచేవాడికి ఆ సలహా ఇవ్వడం వెటకారంలా ఉంటుంది. పల్లెలో చెప్పాల్సింది ఉప్పు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కొలతల్లో 9 గ్రాములు దాటింది. ఎండుచేప, ఆవకాయ, మజ్జిగలో చిటికెడు, అన్నంలో మరో చిటికెడు. వీటిని పూర్తిగా మానమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. వడ్డించాక పైన చల్లుకునే ఉప్పు మానితే అదొక మంచి మొదలు. మరొకటి పొగాకు. మూడోది నాటుసారా, మందు. ఈ మూడింటి గురించీ ఊరి భాషలో, ఊరి మనిషి చెబితేనే వింటారు.

అడగండి

ప్రభుత్వానికి ఒక్క మనవి. ప్రతి గ్రామ ఆరోగ్య కేంద్రం గోడ మీద మూడు అంకెలు రాయండి: ఈ ఊళ్లో బీపీ, షుగర్ ఉన్నవారు ఎంతమంది, ఈ నెల మందు తీసుకున్నవారు ఎంతమంది, అదుపులో ఉన్నవారు ఎంతమంది. సమీక్షల్లో మూడో అంకె అడగండి. మొదటిది దానంతటదే సర్దుకుంటుంది.

పాఠకులకు ఇంకొకటి. మీ ఇంట్లో ముప్పై దాటినవాళ్లు, మీ ఇంట్లో పనిచేసేవాళ్లు, మీ పొలానికి కూలికి వచ్చేవాళ్లు ఈ పరీక్ష చేయించుకున్నారో లేదో కనుక్కోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షా ఉచితమే, మాత్రలూ ఉచితమే. పరీక్షకు వెళ్లే రోజు కూలి కోయకండి. మందు మొదలుపెట్టినవాళ్లు తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. మందువల్లే తగ్గింది. వచ్చే నెల మాత్రలు అయిపోకముందే వెళ్లండి, నెలకు సరిపడా ఇవ్వమని అడగండి. లేవని చెబితే ఎప్పుడొస్తాయో అడిగి తెలుసుకుని, ఆ రోజు మళ్లీ వెళ్లండి.